సాంచెను విప్పే బ్లేడు: ఎక్కువ రోజులు మన్నేది ఏది?

తెలుగు శాఖ గోడపత్రికలో ఇనుము కోసే బ్లేడు గురించి వ్యాసమా అని కొందరు నవ్వుతారని నాకు తెలుసు. కానీ ఈసారి ‘మీ ఇంట్లో జరిగే పని గురించి, మీ ఇంటి మాటల్లో రాసి తెండి’ అని మేడమ్ అడిగారు. మా ఇల్లు భివండీలో. మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న పని ఇదే.

భివండీ మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబయికి దగ్గరగా ఉన్న మరమగ్గాల పట్టణం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి ఎందరో పద్మశాలీలు బతుకుదెరువు కోసం అక్కడికి పోయి స్థిరపడ్డారు. పద్మనగర్‌లో నడుస్తుంటే తెలుగు వినపడుతూనే ఉంటుంది. పుస్తకాల్లో మరమగ్గం అని రాస్తాం గానీ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. సాంచె అంటారు. సిరిసిల్లలోనూ అంతే.

భివండీ సాంచెల్లో ఎన్నో కొత్తగా కొన్నవి కావు. ముంబయి మిల్లులు తీసేసిన పాత మగ్గాలే షెడ్లలోకి వచ్చాయి. 1982 జనవరి 18న ముంబయి మిల్లు కార్మికుల పెద్ద సమ్మె మొదలైంది. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతుంటే నేత పని ఇంకా ఎక్కువగా భివండీ లాంటి ఊళ్లకు మళ్లింది. ఇప్పుడు నాడె అవసరం లేని రేపియర్ మగ్గాలు వస్తున్నాయి. నాడె ఆడే పాత సాంచెలు తూకానికి పోతున్నాయి. తూకానికి పోయే ఇనుమును అక్కడ ‘భంగార్’ అంటారు. భంగార్‌కూ బంగారానికీ ఒక్క ఒత్తు తేడా అని మా నాయనమ్మ నవ్వుతుంది గానీ, చేతికొచ్చే పైసల్లో తేడా ఎంతో ఆమెకు బాగా తెలుసు.

మా చిన్నాయన జాబర్. అంటే సాంచె చెడిపోతే బాగుచేసే మనిషి. సాంచెను అమ్మేటప్పుడు దాన్ని విప్పడానికి కూడా ఆయననే పిలుస్తారు. విప్పడం ఎలా అన్నదాని మీదే ఆసామికి వచ్చే డబ్బు ఆధారపడుతుంది. పళ్ల చక్రాలు, క్రాంక్ షాఫ్టు, బ్రాకెట్లు చెడకుండా బయటికొస్తే, ఇంకా అదే రకం సాంచె నడుపుతున్నవాళ్లు విడిభాగాలుగా కొంటారు. విరిగితే అవన్నీ కిలోల లెక్కన పోతాయి. నాలుగు సాంచెల మీద బతికిన ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

చిక్కు ఎక్కడంటే, ఏళ్ల తరబడి నూనె, తేమ, నూగు తిన్న బోల్టులు తుప్పుతో బిగుసుకుపోతాయి. పానాకు లొంగవు. సమ్మెటతో కొడితే పక్కనున్న పోత ఇనుము పగులుతుంది. ఒక్క బోల్టు కోసం మొత్తం ఫ్రేమును పగలగొట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. గ్యాస్ కట్టర్, గ్రైండర్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ వాటి నుంచి నిప్పురవ్వలు ఎగురుతాయి. సాంచె షెడ్డులో గోడల మీద, దూలాల మీద, సాంచె కింద అంతా నూనె పీల్చిన నూగే. మా గల్లీలోనే ఒక షెడ్డులో గ్రైండర్ రవ్వ మూలకున్న నూగులో పడి అంటుకుంది. మనుషులు దగ్గరే ఉన్నారు కాబట్టి నీళ్లు పోసి ఆర్పారు. అప్పటి నుంచి చిన్నాయన లోపలి బోల్టులకు రంపమే వాడుతున్నాడు.

ఏ రంపం ఇది?

దీన్ని రెసిప్రొకేటింగ్ సా అంటారు. కొన్ని దుకాణాల్లో సాబర్ సా అని అడగాలి. పిడి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే ముందుకు పొడుచుకొచ్చిన బ్లేడు ముందుకూ వెనక్కూ వేగంగా ఆడుతుంది. ఒక్కో ఆటకు బ్లేడు సుమారు అంగుళం నుంచి అంగుళంపావు దాకా కదులుతుంది. అమెరికాలోని మిల్వాకీ కంపెనీ 1951లో ‘సాజాల్’ పేరుతో ఇలాంటి రంపాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆ పేరే అక్కడ ఈ రకం రంపాలన్నిటికీ వాడుక పేరైంది. మన దగ్గర జిరాక్స్ అన్నట్టు.

ఫ్రేముకూ బ్రాకెట్‌కూ మధ్య సన్నని సందు దొరికితే చాలు, ఈ బ్లేడు అందులోకి దూరి బోల్టును మాత్రమే కోస్తుంది. గ్రైండర్‌లా రవ్వల వాన కురవదు. రజను వేడిగా కింద రాలుతుంది కాబట్టి చుట్టూ ఉన్న నూగు ఊడ్చి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోవడం మాత్రం తప్పదు.

రంపం ఒకసారి కొంటే ఏళ్లు నడుస్తుంది. అరిగేది బ్లేడే. ఖర్చంతా దానిలోనే ఉంది. ‘ఎక్కువ ధర బ్లేడు కొంటే ఎక్కువ రోజులొస్తది’ అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. కోసే లోహానికి, దాని మందానికి సరిపోయిన బ్లేడే మన్నుతుంది. సరిపోని చోట పెడితే ఎంత ఖరీదైనదైనా నిమిషంలో పళ్లు రాల్చుకుంటుంది. ఎలా సరిపోల్చుకోవాలో ఇక చెబుతాను.

పన్ను గట్టిగా, వెన్ను మెత్తగా

బ్లేడుకు రెండు గుణాలు కావాలి. ఇనుమును కోయాలంటే పన్ను దానికంటే గట్టిగా ఉండాలి. వణుకుతూ వంగుతూ ఆడేటప్పుడు విరగకూడదంటే వీపు భాగానికి సాగే గుణం ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. ఉక్కును ఎంత గట్టిచేస్తే అంత పెళుసవుతుంది. బలపం గట్టిదే, కానీ కింద పడితే ముక్కలు కాదా? అలాగన్నమాట.

దుకాణంలో దొరికే బ్లేడ్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, మామూలు కార్బన్ ఉక్కు బ్లేడు. చవక. బాగా వంగుతుంది. కానీ కోతలో పుట్టే వేడికి సుమారు 200, 250 డిగ్రీల సెల్సియస్ దాటగానే గట్టిదనం పోగొట్టుకుంటుంది. కట్టెకు, ప్లాస్టిక్‌కు సరే. ఇనుముకు వద్దు.

రెండోది, బైమెటల్. పేరులోనే ఉంది, రెండు లోహాలు. వీపంతా స్ప్రింగులా వంగే ఉక్కు. పళ్ల అంచుకు మాత్రం హైస్పీడ్ స్టీలు పట్టీని వెల్డు చేసి, అందులో పళ్లు కోస్తారు. ఈ హైస్పీడ్ స్టీలు కథ 1900 నాటిది. అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అనే ఇద్దరు టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును ప్రత్యేకంగా వేడిచేసి చూస్తే, మొన ఎర్రగా కాలుతున్నా కోత ఆగలేదు. 1900 పారిస్ ప్రదర్శనలో దాన్ని చూపించారు. ఇప్పటి మంచి బైమెటల్ బ్లేడ్ల పళ్లలో 8 శాతం కోబాల్ట్ కలుపుతారు. వేడికి ఇంకా బాగా ఓర్చుకుంటాయి.

మూడోది, కార్బైడ్ పళ్ల బ్లేడు. ప్రతి పన్ను కొన మీద టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కను అతికిస్తారు. టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులను కోబాల్ట్‌తో కలిపి, వేడితో ముద్దకట్టించిన పదార్థం అది. 1920లలో జర్మనీలో తయారైంది. క్రుప్ కంపెనీ దాన్ని ‘విడియా’ పేరుతో అమ్మింది. జర్మన్‌లో ‘వజ్రంలాంటిది’ అనే మాట నుంచి వచ్చిన పేరు. ఇది బైమెటల్ కంటే చాలా గట్టిది, అంతే పెళుసు కూడా. ధర ఎన్నో రెట్లు.

గట్టిదనం కోసం ఉక్కుతో కుస్తీ పట్టడం మనవాళ్లకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘వూట్జ్’ అన్నారు. తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్న ‘ఉక్కు’ అనే మాటే అలా మారిందని పండితులు చెబుతారు. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ. గట్టి కార్బైడ్ చారలు కాస్త మెత్తని ఇనుములో కలిసి ఉండటమే దాని పదునుకు మూలం. గట్టిదానికి మెత్తనిదాన్ని తోడిచ్చే ఆలోచన అందులోనూ ఉంది.

మూడు పళ్ల లెక్క

బ్లేడు మీద ఒక అంకె, పక్కన టి.పి.ఐ. అని ఉంటుంది. అంగుళానికి ఎన్ని పళ్లో చెప్పే లెక్క. బ్లేడు మన్నడంలో లోహం రకం తర్వాత పెద్ద పాత్ర దీనిదే.

సూత్రం ఒక్కటే. ఏ క్షణంలో చూసినా కనీసం మూడు పళ్లు లోహం మందంలో ఆని ఉండాలి. ఒక్క పన్నే ఆనితే ఏమవుతుంది? పలుచటి రేకు అంచు రెండు పళ్ల మధ్య సందులో చిక్కుకుంటుంది. వెనక్కి లాగే దెబ్బంతా ఆ ఒక్క పన్ను మీద పడి అది రాలిపోతుంది. ఒకటి రాలిందంటే దాని పక్కదానికి రెట్టింపు పని. అలా వరసగా పోతాయి.

దీనికి నోటిలెక్క: 75ని లోహం మందంతో, అంటే మిల్లీమీటర్లతో, భాగించండి. కనీసం అన్ని పళ్లు కావాలి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దానికి మూడింతలు సుమారు 75. అందుకే ఆ అంకె. ఉదాహరణకు 6 మి.మీ. పట్టీకి 75ని 6తో భాగిస్తే పన్నెండున్నర, అంటే 14 పళ్ల బ్లేడు. 3 మి.మీ. గొట్టానికి 25 వస్తుంది, 24 పళ్లది తీసుకోవచ్చు. గొట్టమైతే దాని గోడ మందం చూడాలి, అడ్డుకొలత కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు.

అట్లని ఎప్పుడూ ఎక్కువ పళ్లు మంచివా? కాదు. అంగుళం మందమున్న షాఫ్టు మీద 24 పళ్ల బ్లేడు పెడితే పళ్ల మధ్య సందులు రజనుతో నిండిపోతాయి. రజను బయటికి పోయే దారి లేక బ్లేడు కోయడం మాని రాసుకోవడం మొదలెడుతుంది. రాపిడితో వేడి, వేడితో మొండి. చిన్నాయన మాటల్లో చెప్పాలంటే, ‘పళ్లు అరగలె బిడ్డా, కాలినయ్.’

సాంచెలో ఎక్కడ ఏది?

మా ఇంట్లో రాసిపెట్టుకున్న కాగితం ఇది.

• పలుచటి రేకు, సన్న గొట్టాలు, 3 మి.మీ. లోపు: బైమెటల్, 18 నుంచి 24 పళ్లు. ఒకటిన్నర మి.మీ. రేకుకు 24 పళ్లూ చాలవు. అప్పుడు బ్లేడును ఏటవాలుగా పెట్టాలి, లేదా రేకును రెండు చెక్కల మధ్య బిగించి చెక్కతో సహా కోయాలి.

• యాంగిల్ ఇనుము, పట్టీలు, 3 నుంచి 8 మి.మీ.: బైమెటల్, 14 పళ్లు.

• తుప్పు పట్టిన మామూలు బోల్టులు, 10 నుంచి 20 మి.మీ.: బైమెటల్, 10 నుంచి 14 పళ్లు. ఎక్కువ వాడేది ఇదే.

• షాఫ్టులు, లావు కడ్డీలు: 8 లేదా 10 పళ్లు. పని ఎక్కువ ఉంటే కార్బైడ్.

• పోత ఇనుము: తప్పక కోయాల్సి వస్తే 8 పళ్ల కార్బైడ్. పోత పోసినప్పుడు ఏర్పడిన పైపొర చాలా గట్టిది. దానిలో ఇసుక కూడా అంటుకుని ఉంటుంది. బైమెటల్ పళ్లను అదే తినేస్తుంది.

• తల మీద 8.8 లేదా 10.9 అని అచ్చు ఉన్న బోల్టులు: ఇవి గట్టి బోల్టులు. కోబాల్ట్ ఉన్న బైమెటల్ లేదా కార్బైడ్.

ఏ లోహమో తెలియకపోతే ఆకురాయితో ఒక మూల గీసి చూడాలి. (పేరులో రాయి ఉన్నా ఆకురాయి ఉక్కుదే.) గీత పడి రజను రాలితే బైమెటల్ చాలు. ఆకురాయి జారిపోతే బైమెటల్ పళ్లూ జారిపోతాయి. అప్పుడే కార్బైడ్ తీయాలి.

మందపాటి లోహం కోసం చేసిన ఆ 8 పళ్ల కార్బైడ్ బ్లేడును పలుచటి రేకు మీద పెట్టకూడదు. అంచుకు తగిలి కార్బైడ్ ముక్కలు ఎగిరిపోతాయి. ఖరీదైన బ్లేడు చవక బ్లేడు కంటే ముందే పోయేది ఇలాంటి చోటే.

పొడవు, మందం

బ్లేడ్లు సాధారణంగా 6, 9, 12 అంగుళాల్లో దొరుకుతాయి. పొడుగ్గా ఉంటే ఊగుతుంది, ఊగితే వంగుతుంది. మరీ పొట్టిదైతే వెనక్కి పోయినప్పుడు కొన లోహం లోపలికి జారి, మళ్లీ ముందుకొచ్చి గుద్దుకుంటుంది. అందుకని కోసే వస్తువు వెడల్పు, దానికి బ్లేడు ఆడే అంగుళంపావు, పైన మరో అంగుళం కలిపి చూసుకుని, దానికి సరిపోయే అన్నిట్లో పొట్టిదాన్ని తీసుకోవాలి. బోల్టులకు 6 అంగుళాలది చాలు.

బ్లేడు మందం సుమారు 0.9 మి.మీ. నుంచి 1.6 మి.మీ. వరకు ఉంటుంది. సన్నని సందులో వంచి దూర్చాలంటే 0.9 మంచిది. నేరుగా, గట్టిగా కోయాలంటే మందం ఎక్కువున్నది, వెడల్పు ఎక్కువున్నది తక్కువ వణుకుతుంది. వణుకు తగ్గితే పళ్లు ఎక్కువ రోజులుంటాయి.

చేతిలో ఉన్న ఆయుష్షు

మంచి బ్లేడు తెచ్చాక దాన్ని నిలబెట్టేది చెయ్యే. చిన్నాయన దగ్గర చూసి నేర్చుకున్నవి ఇవి.

వేగం తగ్గించాలి. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే పని త్వరగా అవుతుందనిపిస్తుంది గానీ ఇనుము మీద వేగమంటే వేడే. పళ్లు నీలం రంగుకు తిరిగాయంటే వేడి ఎక్కువైందని గుర్తు. కొన్ని రంపాల్లో బ్లేడును ఊయలలా కిందికీ పైకీ కూడా ఆడించే మీట ఉంటుంది. అది కట్టెకు. ఇనుముకు ఆపేయాలి.

రంపం ముందున్న ఇనుప పాదాన్ని కోసే వస్తువుకు గట్టిగా ఆనించాలి. ఆనకపోతే బ్లేడుకు బదులు మొత్తం రంపమే ఎగురుతుంది. బ్లేడ్లు విరగడానికి ఇది పెద్ద కారణం. హాక్సా చేత్తో ముందుకు తోసేటప్పుడు కోస్తుంది. ఈ రంపం బ్లేడ్లు చాలావరకు వెనక్కి లాగేటప్పుడు కోస్తాయి. పాదం ఆని ఉంటే ఆ లాగుడు రంపాన్ని వస్తువుకు అదుముతుంది. మనం అదనంగా బలం పెట్టే పనిలేదు.

ఆ పాదాన్ని ముందుకు జరపవచ్చు. బోల్టులు కోసేటప్పుడు అరిగేది పాదం దగ్గరున్న ఒకటి రెండు అంగుళాల పళ్లే. మిగతావి కొత్తగానే ఉంటాయి. పాదం ముందుకు జరిపితే కొత్త పళ్లు పనిలోకి వస్తాయి. ఇది తెలియక సగం పళ్లు పదునుగా ఉన్న బ్లేడును పారేసేవాళ్లే ఎక్కువ.

ఉక్కు కోసేటప్పుడు బ్లేడుకు కాస్త మైనం గానీ చుక్క నూనె గానీ రాయాలి. పోత ఇనుముకు అక్కర్లేదు. దానిలోనే గ్రాఫైట్ ఉంటుంది, మన పెన్సిల్ ముల్లులో ఉండేదే. అదే జారుడునిస్తుంది, రజను పొడిలా రాలుతుంది.

కోసే భాగం కింద చెక్క దిమ్మె పెట్టాలి. కోత చివరికొచ్చేసరికి బరువుకు ఆ ముక్క కిందికి వాలి, కోసిన సందు మూసుకుని బ్లేడును నొక్కేస్తుంది. విరిగిన బ్లేడు ముక్క ముఖం వైపు ఎగరవచ్చు. కాబట్టి కళ్లద్దాలు, చేతులకు గ్లౌజులు ఉండాలి. మన ఆడపిల్లలు చున్నీ తీసి పక్కన పెట్టి, జడ ముడేసుకున్నాకే రంపం పట్టాలి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్ తీసేయాలి. ఇప్పుడే కోసిన బ్లేడును చేత్తో ముట్టుకోవద్దు.

దుకాణానికి పోయినప్పుడు

‘ఇనుము కోసే బ్లేడివ్వండి’ అంటే దుకాణదారు చేతికందినది ఇస్తాడు. నేను పోయినప్పుడు విరిగిన బోల్టు ముక్కను వెంట తీసుకుపోతాను. ఎంత మందం, ఎన్ని పళ్లు, బైమెటలా కార్బైడా, ఎంత పొడవు అని నాలుగు మాటల్లో అడుగుతాను. మొదటిసారి ‘ఇంట్లో మగవాళ్లను పంపమ్మా’ అన్న మనిషే, నాలుగూ వరసగా అడిగేసరికి లోపలి అరలోంచి డబ్బా తెచ్చి ముందు పెట్టాడు.

ధర చూడాల్సింది ప్యాకెట్ మీద కాదు, కోతకు ఎంత పడిందన్న లెక్కలో. నాలుగు రెట్లు ధర పెట్టిన బ్లేడు పది రెట్లు కోతలిస్తే అదే చవక. రెండు రెట్లే ఇస్తే దండగ. ఇది తెలియాలంటే రాసుకోవడమొక్కటే దారి. మా ఇంట్లో పాత బీముల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఏ బ్లేడు, ఏ బోల్టు, ఎన్ని కోతలు అని నేనే గీతలు పెడుతున్నాను. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఆ పని చెల్లెలు చేస్తుంది.

చివరగా తెలుగు శాఖకు పనికొచ్చే మాట ఒకటి. ఈ వ్యాసం రాస్తుంటే కొన్నిటికి మా ఇంట్లో తెలుగు పేర్లు దొరికాయి: నాడె, సమ్మెట, ఆకురాయి. కొన్నిటికి మరాఠీ, హిందీ పేర్లే ఉన్నాయి. పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి పెట్టడాన్ని వడ్రంగులు ఏదో ఒక మాటతో పిలుస్తారు కదా, అది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఇళ్లలో వడ్రంగం, కమ్మరం, నేత పని చేసేవాళ్లుంటే అడిగి, ఆ మాటలు ఈ కాగితం కింద ఉన్న ఖాళీలో ఊరి పేరుతో సహా రాయండి. పెన్సిల్ దారంతో కట్టి వేలాడదీశాను.